హ్యాకథాన్ అర్హత: 17 ఏళ్ల సభ్యుడు, స్పాన్సర్ బంధువు, పాత కోడ్. మా టీమ్ చెల్లుతుందా?

బగ్‌వేట:
ఆన్‌లైన్ హ్యాకథాన్‌కి (గడువులోగా సాఫ్ట్‌వేర్ తయారుచేసే పోటీకి) నలుగురం పేర్లిచ్చాం. ఒకరికి 17 ఏళ్లు. ఒకరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఇంకొకరి అన్న స్పాన్సర్ కంపెనీలో పనిచేస్తారు, వేరే ఊళ్లో ఉంటారు. వాడబోయే లైబ్రరీ (మళ్లీ మళ్లీ వాడుకునే సిద్ధమైన కోడ్) 6 నెలల కిందట మేం రాసుకున్నదే. ఫారం నలుగురినీ తీసుకుంది కాబట్టి అర్హత ఉన్నట్టేనా? రూల్స్ పేజీ చాంతాడంత ఉంది, ముందు ఏం చూడాలి?

సెమీకోలన్:
ఫారం మీరు నింపింది రాసుకుంటుంది, అంతే. అసలు పరిశీలన గెలిచాకే. విజేతగా ఎంపికైనవాళ్లకి ఈమెయిల్ పంపి గుర్తింపు పత్రం, సంతకం చేసిన అర్హత ప్రకటన, పన్ను ఫారం కొద్ది రోజుల్లో ఇమ్మంటారు. ఆ ఈమెయిల్ స్పామ్‌లో పడి గడువు దాటినా బహుమతి తర్వాతి టీమ్‌కి పోతుంది. సాధారణంగా ప్రతి సభ్యుడికీ విడిగా అర్హత ఉండాలి. ఒక్కరికి లేకపోయినా మొత్తం ఎంట్రీ పోవచ్చు.

వయసు: "18 నిండాలి" వేరు, "నివసించే చోట మేజర్ అయి ఉండాలి" వేరు. కెనడాలోని కొన్ని ప్రావిన్సుల్లో, అమెరికాలోని అలబామా, నెబ్రాస్కాల్లో అది 19, మిసిసిపీలో 21. ఏ తేదీ నాటికి అన్నదీ చూడండి. "ఎంట్రీ నాటికి" అని ఉంటే పోటీ మధ్యలో పుట్టినరోజు వచ్చినా లాభం లేదు. కొన్ని పోటీలు తల్లిదండ్రుల అనుమతి పత్రంతో మైనర్లనూ తీసుకుంటాయి, కానీ రూల్స్‌లో ఆ మాట ఉంటేనే.

బంధువు: స్పాన్సర్ ఉద్యోగులతో పాటు వాళ్ల "సమీప కుటుంబ సభ్యుల్నీ", "ఒకే ఇంట్లో ఉండేవాళ్లనీ" పక్కన పెట్టడం మామూలే. ఈ రెండూ వేర్వేరు షరతులు. తోబుట్టువులు మొదటి దాంట్లో ఉంటే, అన్న ఎంత దూరాన ఉన్నా తమ్ముడు అనర్హుడే. మీ నాలుగింటిలో నాకు ఎక్కువ భయంగా ఉన్నది ఇదే.

కమిట్‌హిస్టరీ:
పాత కోడ్ సంగతి. రూల్స్‌లో రెండు రకాల వాక్యాలుంటాయి: "పోటీ కాలంలోనే కొత్తగా తయారుచేసింది", లేదా "ముందే ఉన్నా పోటీ కాలంలో గణనీయంగా మెరుగుపరిచింది". రెండోదైతే మీకు ఇబ్బంది లేదు, ఏది పాతది ఏది కొత్తదో సబ్మిషన్‌లో రాస్తే చాలు. మొదటిదైతే, పోటీ మొదలవకముందే ఆ లైబ్రరీని ఓపెన్ సోర్స్ లైసెన్స్‌తో (ఎవరైనా వాడుకోవచ్చనే అనుమతితో) విడుదల చేసి, మిగతా లైబ్రరీల్లాగే డిపెండెన్సీగా (బయటి నుంచి తెచ్చుకునే కోడ్‌గా) వాడండి. కోడ్‌ని మాత్రం ప్రాజెక్టులోకి కాపీ చేయొద్దు. అయినా జడ్జీలు ఒప్పుకుంటారో లేదో ముందే అడగండి, ఎందుకంటే ఆ లైబ్రరీయే మీ ప్రాజెక్టుకి ప్రాణమైతే "కొత్తది" అనడం కష్టం.

పోటీ మొదలైన రోజు గిట్‌లో (కోడ్ మార్పుల్ని నమోదు చేసే సాధనంలో) ఖాళీ రిపోజిటరీతో, అంటే కోడ్ దాచే చోటుతో మొదలుపెట్టి, రోజూ పుష్ చేయండి (సర్వర్‌కి పంపండి). చివర్లో అన్ని కమిట్లనీ (నమోదైన మార్పులనీ) స్క్వాష్ చేసి, అంటే కలిపేసి ఒకటే పెట్టారంటే, నిజంగా అప్పుడే రాసినా చూపించుకోలేరు. గిట్‌లో కమిట్ తేదీ ఎవరైనా మార్చగలరు కాబట్టి సర్వర్‌కి ఎప్పుడు చేరిందన్నదే గట్టి ఆధారం.

ఉద్యోగి విషయంలో తిరకాసు పోటీ రూల్స్‌లో కంటే ఆయన ఉద్యోగ ఒప్పందంలో ఉంటుంది. ఖాళీ సమయంలో రాసినదీ కంపెనీదే అనే క్లాజు కొన్ని ఒప్పందాల్లో ఉంటుంది. పోటీలో మాత్రం "ఈ కోడ్ పూర్తిగా మాదే" అని ఒప్పుకోవాలి. రాతపూర్వక అనుమతి తీసుకోమనండి, ఆఫీసు ల్యాప్‌టాప్, ఆఫీసు ఖాతాలు ముట్టుకోవద్దు.

నల్‌పాయింటర్:
దేశాల జాబితా కూడా చూడండి. అక్కడ లెక్క ఎక్కువగా నివాసానిదే, పౌరసత్వానిది కాదు. టీమ్ ప్రతినిధిని ఎంచుకోవడంలో తొందరపడొద్దు: చాలాచోట్ల డబ్బు మొత్తం ఆయన పేరిటే వస్తుంది, పంచుకునే బాధ్యత మీదే. స్పాన్సర్ అమెరికాదైతే, అమెరికా బయటి వ్యక్తులకి డబ్ల్యూ-8బెన్ ఫారం (పన్ను కోసం విదేశీయులమని తెలిపే పత్రం) పంపుతారు. పన్ను ఒప్పందం వర్తించకపోతే అక్కడి సాధారణ కోత 30 శాతం.

విద్యార్థుల పోటీల అలవాటుతో ఇవి చదవొద్దు. ఐసీపీసీలో (కాలేజీ విద్యార్థుల అంతర్జాతీయ ప్రోగ్రామింగ్ పోటీలో) ముగ్గురి టీమ్, ఒకే విద్యాసంస్థ, వరల్డ్ ఫైనల్స్ 2 సార్లు ఆడినవాళ్లకి మళ్లీ అవకాశం లేదు. ఐఓఐలో (స్కూలు విద్యార్థుల ప్రోగ్రామింగ్ ఒలింపియాడ్‌లో) ఆ ఏడాది జులై 1 నాటికి 20 ఏళ్లు దాటకూడదు. హ్యాకథాన్లలో ఇలాంటి ఉమ్మడి రూల్ లేదు, ప్రతి పోటీదీ విడిగా చదవాల్సిందే.

బగ్‌వేట:
థాంక్సండీ. వయసు రూల్ చూశాను, ఎంట్రీ నాటికి 18 అనే ఉంది. 17 ఏళ్ల అతని పేరు తీసేసి, పని మాత్రం చేయిస్తే?

సెమీకోలన్:
అలా చేస్తే మొదటికే మోసం వస్తుంది. కమిట్లలో అతని ఖాతా కనిపిస్తుంది, మీరేమో "మేం ముగ్గురమే రాశాం" అని సంతకం పెడతారు. అతను రాసినవి తీసేసి మీరు మళ్లీ రాసుకోండి, లేదా మైనర్లకి అవకాశమున్న పోటీ చూసుకోండి. స్పాన్సర్ కంపెనీలో ఉన్న అన్న గురించి ఈరోజే నిర్వాహకులకి ఈమెయిల్ చేయండి: రూల్ నంబర్, బంధుత్వం, ఆయన ఏ విభాగంలో ఉన్నారో రాసి, అవును-కాదు అని జవాబు అడగండి. ఫోన్‌లోనో చాట్‌లోనో "పర్లేదు" అంటే సరిపోదు, ఈమెయిల్ దాచుకోండి. కాదంటే సభ్యుల్ని ఎప్పటిదాకా మార్చుకోవచ్చో రూల్స్‌లో చూడండి.