‘వుమన్ ఇన్ ఎ డ్రెస్సింగ్ గౌన్’ ముగింపు: ఎమీ గెలిచిందా, ఓడిందా?

పాతరీలు:
1957 నాటి బ్రిటిష్ సినిమా, దర్శకుడు జె. లీ థాంప్సన్. హంగూ ఆర్భాటం లేని నలుపు తెలుపు చిత్రం, ఎక్కువ భాగం ఒక ఇరుకు ఫ్లాట్‌లోనే నడుస్తుంది. జిమ్ తన ఆఫీసులో పనిచేసే జార్జీ ప్రేమలో పడి, భార్య ఎమీని విడాకులు అడుగుతాడు. చివరికి మళ్ళీ ఎమీ దగ్గరికే వస్తాడు. నాకిది మింగుడుపడలేదు. ఇల్లాలు ఎంత అవమానపడినా మొగుడు గడప తొక్కితే చాలు, కథ సుఖాంతమైపోతుందా?

మ్యాట్నీ షో:
నాకైతే జార్జీ మీదే జాలి. సిల్వియా సిమ్స్ ఆమెను విలన్‌లా చేయలేదు. ఆమె గురించి ఎవరూ మాట్లాడరు.

రెండో ఆట:
సుఖాంతం అని ఎవరన్నారు? ఉంగరం తాకట్టు పెట్టి మరీ ఎమీ జుట్టు సెట్ చేయించుకుంటుంది. బయటికి రాగానే వాన, జుట్టంతా పాడైపోతుంది. తర్వాత విస్కీ తాగేసి, ఉన్న మంచి గౌనూ చింపుకుంటుంది. మొగుణ్ణి నిలబెట్టుకోవాలని చేసిన ప్రతి పనీ బెడిసికొట్టింది. అక్కడిదాకా ఆమె ఓడిపోయిందంటే ఒప్పుకుంటాను. కానీ ఆ తర్వాత జిమ్‌నీ జార్జీనీ ఎదురుగా పెట్టుకుని పొమ్మంటుంది చూడండి, సినిమా అసలు ముగింపు నాకు అదే. అప్పటి ఇంగ్లండ్ చట్టం కూడా గుర్తుపెట్టుకోవాలి. ఇద్దరూ ఒప్పుకున్నంత మాత్రాన విడాకులు వచ్చేవి కావు. వ్యభిచారమో, క్రూరత్వమో, వదిలేసి పోవడమో, ఏదో ఒక తప్పు రుజువు కావాలి. తప్పు చేసింది జిమ్ కాబట్టి కోర్టుకెక్కాల్సింది ఎమీయే. అంటే తాళం ఆమె చేతిలోనే ఉంది. మొండికేసి కూర్చోవచ్చు, అయినా పొమ్మంది! ఎమీగా చేసిన ఇవోన్ మిచెల్‌కి ఆ ఏడాది బెర్లిన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి బహుమతి ఊరికే రాలేదు.

పాతరీలు:
చట్టం సంగతి సరే. మరి తిరిగొచ్చినప్పుడు ఎందుకు రానిచ్చింది? సొంత సంపాదన లేదు, ఎదిగిన కొడుకు ఇంట్లో ఉన్నాడు. పొమ్మన్నది కోపంలో, రానిచ్చింది గతిలేక. జిమ్ కూడా ప్రేమతో వచ్చాడని నాకనిపించలేదు, అలవాటు లాక్కొచ్చింది.

రెండో ఆట:
ఇన్నేళ్ళ కాపురంలో అలవాటెక్కడ ఆగుతుందో, ప్రేమెక్కడ మొదలవుతుందో మీరు గీత గీసి చెప్పగలరా? ఎమీ వంట మాడ్చేస్తుంది, ఇల్లు సర్దదు, రేడియో మోగుతూనే ఉంటుంది. జిమ్‌కి అవన్నీ తెలుసు. తెలిసే వచ్చాడు.