హార్డ్ డిస్క్ నుంచి ఎస్ఎస్‌డీకి: క్లోన్ చేయాలా, విండోస్ ఫ్రెష్‌గా వేయాలా?

డీటీపీ షాపు
మా షాపులో ఉన్న కంప్యూటర్‌ది నాలుగో తరం ఇంటెల్ ఐ3 ప్రాసెసర్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. పొద్దున ఆన్ చేసి, బయటికెళ్లి టీ తాగి వచ్చినా ఇంకా చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. హార్డ్ డిస్క్ బదులు పెడదామని, దానికంటే వేగంగా పనిచేసే 480 జీబీ ఎస్ఎస్‌డీ కొన్నాను. సర్వీస్ కుర్రాడేమో విండోస్ కొత్తగా వేద్దామంటున్నాడు. పేజ్‌మేకర్, అను స్క్రిప్ట్, పదేళ్ల ఫాంట్లు అన్నీ ఇందులోనే ఉన్నాయి, సీడీలు ఎక్కడ పడ్డాయో తెలియదు. పెళ్లి కార్డుల సీజన్. ఏం చేయమంటారు?

ఫ్రెష్ ఇన్‌స్టాల్
ఇంకేం ఆలోచించకండి సార్, ఫ్రెష్‌గానే వేయించండి. క్లోన్ చేస్తే, అంటే పాత డిస్క్‌ని ఉన్నదున్నట్టు కాపీ కొడితే, పాతింటి చెత్తంతా మూటగట్టి కొత్తింట్లో దించినట్టే. లైసెన్స్ గురించి టెన్షన్ వద్దు, డిజిటల్ లైసెన్స్ ప్రధానంగా మదర్‌బోర్డును బట్టి ఉంటుంది, డిస్క్ మారినా నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది.

క్లోన్
విండోస్ యాక్టివేట్ అవుతుంది సరే, మిగతావి? పోయినేడు మా బావగారి మెడికల్ షాపులో ఇలాగే ఫ్రెష్‌గా వేయించాం. విండోస్ గంటలోపే అయిపోయింది, కానీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ లైసెన్స్ కోసం మూడు రోజులు ఫోన్లు చేస్తూనే ఉన్నాం, అక్క కౌంటర్లో కూర్చుని కార్బన్ పేపర్ పెట్టి చేత్తో బిల్లులు రాసింది. సీడీలు లేని షాపుకి క్లోనే దారి అని నేను గట్టిగా చెప్తాను.

కాకపోతే ఒక చిక్కుంది. 500 జీబీ డిస్క్ విండోస్‌లో 465గా కనిపిస్తుంది, మీ 480 ఎస్ఎస్‌డీ 447గానే కనిపిస్తుంది. క్లోన్ చేసే క్లోన్‌జిల్లా సాఫ్ట్‌వేర్ మామూలు పద్ధతిలో చిన్న డిస్క్‌లోకి క్లోన్ చేయనివ్వదు. అందుకే పాత జాబులన్నీ, అంటే చేసిన పనుల ఫైళ్లన్నీ, ముందు బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకుని, పార్టిషన్లు కుదించుకుంటూ క్లోన్ చేసే సాఫ్ట్‌వేర్ వాడండి. అయ్యాక సిస్టమ్ ఆఫ్ చేసి, పాత డిస్క్ కేబుల్ పీకేసి, ఎస్ఎస్‌డీ ఒక్కదానితోనే బూట్ చేయండి. రెండూ కలిపి పెడితే రెండింటి సిగ్నేచర్ (డిస్క్ గుర్తింపు నంబర్) ఒకటే కాబట్టి విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లో పెట్టేస్తుంది, ఏది పాతదో ఏది కొత్తదో తెలియక కంగారు పడి తప్పు డిస్క్‌ని ఫార్మాట్ చేసుకున్నవాళ్లను చూశాను. పాత డిస్క్‌ను కనీసం ఒక నెల ముట్టుకోకండి, అదే మీ బ్యాకప్.

ఫ్రెష్ ఇన్‌స్టాల్
సీడీలు లేవన్న మాట సరిగ్గా చదవలేదు, ఆ సంగతిలో మీదే కరెక్ట్. కానీ పాత డిస్క్ బాగుంటేనే అండీ ఇదంతా. డిస్క్‌లో బ్యాడ్ సెక్టార్లు, అంటే పాడైన చోట్లు ఉంటే క్లోన్ సగంలో ఆగిపోతుంది, లేదా పాడైన ఫైళ్లే అటు వెళ్తాయి. డిస్క్ ఎంత బాగుందో చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో సాఫ్ట్‌వేర్ పెట్టి చూడండి, పసుపు రంగు కనిపిస్తే ముందు మీ జాబులు కాపాడుకోండి. ఇంకో మాట, విండోస్ 10కి మామూలు సపోర్ట్ (సెక్యూరిటీ అప్‌డేట్లు) 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే. మీ ఐ3కి రాదు కాబట్టి ఎలా చేసినా 10 మీదే ఉంటారు, బ్యాంకు పనులు మాత్రం ఆ సిస్టమ్‌లో పెట్టుకోవద్దు.

డీటీపీ షాపు
ఇప్పుడే చూశాను, నీలం రంగులో 'గుడ్' అనే ఉంది. జాబులు 210 జీబీ దాకా ఉన్నాయి, బయటి డిస్క్‌కి కాపీ పెట్టాను. ఆదివారం రాత్రి షాపు కట్టేశాక క్లోన్ మొదలుపెడతాను. మధ్యలో కరెంటు పోతే పాత డిస్క్‌కి ఏమైనా అవుతుందా?

క్లోన్
పాతదాన్ని చదవడమే కాబట్టి డేటా పోదు, మళ్లీ మొదటినుంచి చేసుకోవాలి, అంతే. అయినా యూపీఎస్ మీదే పెట్టండి. పాత డిస్క్ ఏది, కొత్తది ఏది అన్నది సైజు చూసి రెండుసార్లు సరిచూసుకున్నాకే స్టార్ట్ నొక్కండి.