బీమర్ స్లైడ్లలో సూడోకోడ్ పంక్తులను ఒక్కొక్కటిగా రంగులో చూపడం ఎలా?

ప్రశ్న
ఇంజినీరింగ్ రెండో సంవత్సరం విద్యార్థులకు యూక్లిడ్ గ.సా.భా. పద్ధతిని బీమర్ (లేటెక్‌లో స్లైడ్లు తయారుచేసే క్లాస్) స్లైడ్లతో చెప్పబోతున్నాను. సూడోకోడ్ (ప్రోగ్రాము మెట్లను మామూలు మాటల్లో రాసిన రూపం) మొత్తం తెర మీద ఉండగానే, వివరిస్తున్న పంక్తి మాత్రమే రంగులో కనిపించి, మీట నొక్కగానే ఆ రంగు తరువాతి పంక్తికి మారాలి. ఫ్రేమును కాపీ చేసి ఒక్కో ప్రతిలో ఒక్కో పంక్తికి రంగు వేయవచ్చు గానీ, ఆపైన ఒక్క అక్షరం దిద్దాలన్నా అన్ని ప్రతులూ దిద్దుకోవలసి వస్తుంది. ఇంతకంటే పద్ధతైన మార్గం ఉందా?

జవాబు 1
ఉంది, దానికి అదనపు ప్యాకేజీ కూడా అక్కరలేదు. బీమర్‌లోని అలర్ట్ కమాండ్ పక్కన కోణపు బ్రాకెట్లలో స్లైడు సంఖ్య ఇచ్చి, పంక్తిలోని పాఠాన్ని ఫ్లవర్ బ్రాకెట్లలో పెడితే, ఆ స్లైడులో మాత్రమే అది ఎర్రగా కనిపిస్తుంది. లూపులోని పంక్తి మళ్ళీ మళ్ళీ వస్తుంది కనుక సంఖ్యల మధ్య కామాలు పెట్టాలి. 48, 18 తీసుకుంటే శేషాలు వరుసగా 12, 6, 0 వస్తాయి, అంటే లూపు మూడుసార్లు తిరుగుతుంది. మొదటి స్లైడును రంగు లేకుండా వదిలితే, ‘బి సున్నా కానంతవరకు’ అన్న షరతుకు <2,6,10,14>, శేషం కనుక్కునే పంక్తికి <3,7,11>, తరువాతి రెండు పంక్తులకు (బి విలువను ఎ లోకి, శేషాన్ని బి లోకి మార్చేవి) <4,8,12>, <5,9,13>, ఫలితం తిరిగిచ్చే పంక్తికి <15> అవుతాయి.

అలర్ట్‌ను సూడోకోడ్‌లో ఒక్కో పంక్తిని మొదలుపెట్టే స్టేట్ కమాండ్ తరువాతి పాఠానికే చుట్టండి. లూపు మొత్తానికి చుడితే అమరిక చెడుతుంది. లూపును మొదలుపెట్టే వైల్ అన్న మాట నల్లగానే ఉండి షరతు ఒక్కటే రంగు మారుతుంది. నా మట్టుకు అదే మేలు, పరీక్షించేది షరతునే కదా.

జవాబు 2
దీపాలు వెలుగుతున్న తరగతి గదిలో ఎరుపుకూ నలుపుకూ తేడా వెనుక బెంచీలవారికి సరిగా తెలియదు. అక్షరాల వెనుక పసుపు పట్టీ వేస్తే బాగుంటుంది. అయితే కలర్‌బాక్స్ అనే ఆ పట్టీ వేసే కమాండ్ అక్షరాల చుట్టూ కొంత ఖాళీ చేరుస్తుంది కాబట్టి, ఆ స్లైడు రాగానే పంక్తులు కదిలినట్లు కనిపిస్తాయి. ఆల్ట్ కమాండ్‌తో ఆ స్లైడులో పసుపు పెట్టెనూ, మిగతా స్లైడ్లలో అదే కొలత గల తెల్ల పెట్టెనూ పెడితే కదలిక ఉండదు.

విద్యార్థులకు ముద్రించి ఇచ్చేట్లయితే మరొక జాగ్రత్త అవసరం. హ్యాండౌట్ మోడ్‌లో స్లైడ్లన్నీ ఒకే పేజీగా కలుస్తాయి కనుక, రంగు వేసిన పంక్తులన్నీ ఒకేసారి రంగులో వస్తాయి. స్లైడు సంఖ్య తరువాత నిలువు గీత పెట్టి, హ్యాండౌట్‌కు 0 అని రాస్తే ఆ రంగు రాదు.

జవాబు 3
పై రెండూ సరైనవే గానీ, పదిహేను స్లైడ్లు ఎక్కువని నా అభిప్రాయం. విద్యార్థులు తడబడేది మొదటి తిరుగుడులోనే: బి విలువను ఎ లోకి మార్చకముందే శేషాన్ని వేరే చోట ఎందుకు దాచాలన్నది అక్కడే అర్థం కావాలి. అందుకని ఆ తిరుగుడును మాత్రం పంక్తి పంక్తిగా చూపి, పక్కన ఎ, బి, శేషం విలువలతో చిన్న పట్టిక పెట్టి, మిగతా రెండు తిరుగుళ్ళకు పట్టికలో ఒక్కో వరుస తెరవండి. అప్పుడు షరతుకు <2,8>, చివరి పంక్తికి <9> సరిపోతాయి. వరుసల మధ్య ఆన్‌స్లైడ్ కమాండ్ (ఆపైన వచ్చేదాన్ని చెప్పిన స్లైడ్లలోనే చూపేది) వాడండి. ఇంకా తెరవని వరుసలకు కూడా చోటు ముందే కేటాయింపబడుతుంది కనుక పట్టిక పెరుగుతూ సూడోకోడ్‌ను పైకి నెట్టదు.