సీక్వెన్స్ లోగోలో కొన్ని అక్షరాలు పొడుగ్గా, కొన్ని పొట్టిగా ఎందుకొస్తున్నాయి?

ప్రశ్న: ఫ్రెండ్స్, ఎంఎస్సీ ప్రాజెక్ట్ కోసం ఈ.కోలై బ్యాక్టీరియా ప్రమోటర్లు (జీన్ చదవడం మొదలుపెట్టించే డీఎన్ఏ ముక్కలు) ఒక 12 తీసుకుని, మైనస్ 10 బాక్స్ (జీన్ చదవడం మొదలయ్యే చోటుకి దాదాపు 10 బేసుల ముందుండే ఆరక్షరాల భాగం) దగ్గర ఒకదాని కింద ఒకటి అలైన్ చేసి, ఒక్కో చోట ఏ అక్షరాలు వస్తాయో దొంతరగా గీసే వెబ్‌లోగో టూల్‌లో పెట్టా. టి-ఎ-టి-ఎ-ఎ-టి కనిపిస్తోంది గానీ రెండో స్థానంలోని ఎ, చివరి టి తాటిచెట్లలా ఉన్నాయి, మధ్యలోవి నేలకి అతుక్కుపోయాయి. పక్కన బిట్స్ అని ఉంది, అది పర్సంటేజా?

జవాబు 1: కాదు బ్రో, బిట్ అంటే సమాచారాన్ని కొలిచే యూనిట్. డీఎన్ఏలో 4 అక్షరాలు కాబట్టి ఒక కాలమ్‌కి గరిష్టం 2 బిట్స్, నాలుగూ సమానంగా వస్తే సున్నా. మొత్తం స్టాక్ ఎత్తు ఆ చోటు ఎంత మారకుండా ఉందో చెప్తుంది, అందులో ఒక్కో అక్షరం వాటా మాత్రం ఫ్రీక్వెన్సీని బట్టి. నీకు పొడుగ్గా వచ్చిన ఆ రెండే, డీఎన్ఏ విడిపోయేటప్పుడు సిగ్మా 70 (ప్రమోటర్‌ని గుర్తుపట్టే ప్రొటీన్) బయటికి లాగి పట్టుకునే బేసులు, అంటే నీ లోగో బానే వచ్చినట్టు.

జవాబు 2: 12 మరీ తక్కువండీ. శాంపిల్ చిన్నదైతే ఉత్తి యాదృచ్ఛికంగా వచ్చిన పోలిక కూడా ప్యాటర్న్‌లా కనిపిస్తుంది, అందుకే 1990లో ష్నైడర్, స్టీఫెన్స్ ఈ లోగో పద్ధతి తెచ్చినప్పుడే దానికి కరెక్షన్ కూడా పెట్టారు. ఎర్రర్ బార్స్ ఆన్ చేసి చూడండి, కొన్ని అక్షరాల మీద నమ్మకం పోద్ది :)

అడిగినవాడు: థాంక్స్ అండీ. ప్రొటీన్‌కీ ఇంతేనా?

జవాబు 1: అక్కడ 20 అక్షరాలు (అమైనో ఆమ్లాలు), గరిష్టం 4.32 బిట్స్. కైనేజ్‌లు (ఫాస్ఫేట్ తగిలించే ఎంజైములు) పెట్టి చూడు, వాటిలో దాదాపు మారని డి-ఎఫ్-జి అనే మూడక్షరాల వరస గోడలా నిలబడుద్ది. ఒక్కటే తిరకాసు, ఐసోల్యూసిన్, ల్యూసిన్ దాదాపు ఒకేలాంటివని లోగోకి తెలీదు, అవి మారినా ఎత్తు తగ్గించేస్తుంది, అందుకే జాల్‌వ్యూ అనే అలైన్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌లో రంగులేసి మొత్తం అలైన్‌మెంట్ కూడా ఒకసారి కళ్లతో చూసుకో.