చెల్లికి బోర్డర్‌లైన్ అన్నారు, మాత్రలు చాలవా?

ఉప్పల్ అన్నయ్య:
మా చెల్లికి 23, హాస్టల్లో ఉంటుంది. పోయిన వారం నేను బండి మీద ఉండి గంటసేపు ఫోన్ ఎత్తలేదు, ఆగి చూస్తే 31 మిస్డ్ కాల్స్, చివర్లో "నీక్కూడా బరువైపోయాగా" అని మెసేజ్. తెల్లారేసరికి ఏమీ జరగనట్టు "అన్నయ్యా, టిఫిన్ చేశావా?" అని. సైకియాట్రిస్ట్ బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ (భావోద్వేగాలు అదుపు తప్పడం, వదిలేస్తారనే భయం ఎక్కువగా ఉండే మానసిక సమస్య) అన్నారు, మాత్రలు రాసి డీబీటీకి (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, భావోద్వేగాల్ని అదుపు చేసుకోవడం నేర్పే థెరపీ) కూడా వెళ్లమన్నారు. అమ్మేమో పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుందంటోంది. మాత్రలు చాలవా?

వానచినుకు:
నాకూ ఇదే ఉంది. ఫోన్ ఎత్తకపోతే మీకు "బిజీ ఏమో" అని తోస్తుంది, నాకు మాత్రం వదిలేశారనే అనిపిస్తుంది, ఆ నిమిషంలో అది అనుమానం కాదండీ, నిజమే. తగ్గాక ఒకటే సిగ్గు. ఆ టిఫిన్ మెసేజ్ సారీ చెప్పలేక పెట్టిందే అయ్యుంటుంది. డీబీటీలో నాకు మొదట నేర్పింది ఊపిరి బిగబట్టి చన్నీళ్లలో ముఖం ముంచడం, ఓ అర నిమిషం. దీనికా ఫీజు అనుకున్నా, కానీ గుండె దడ నిజంగానే తగ్గుతుంది (గుండె జబ్బుంటే డాక్టర్‌ని అడిగాకే).

సైకాలజీ పిచ్చోడు:
ఈ సమస్యకంటూ ఆమోదం పొందిన మాత్ర లేదు బ్రో. తోడుగా డిప్రెషన్ లాంటివుంటే వాటికిస్తారు, మానేయమని చెప్పట్లేదు. అసలు వైద్యం థెరపీయే. డీబీటీని తయారుచేసిన మార్షా లినెహాన్ అమెరికన్ సైకాలజిస్ట్, తొలి ట్రయల్ ఫలితాలు 1991లో వచ్చాయి. 17 ఏళ్లప్పుడు తనే మానసిక ఆస్పత్రిలో ఉన్నానని 2011లో ఆవిడే బయటపెట్టారు. పూర్తి పద్ధతిలో అయితే వారానికోసారి విడిగా, ఇంకోసారి గ్రూపులో, దాదాపు ఏడాది. గ్రూపు ఉందా, లేక విడి సెషన్లేనా అని ముందే అడగండి. పెళ్లి మాటంటారా, దగ్గరి బంధాల్లోనే ఈ వదిలేస్తారన్న భయం ఎక్కువ రాజుకుంటుంది, అమ్మకి మెల్లగా చెప్పండి.

గోదారమ్మాయి:
"ఓవర్ చేయకు" అని మాత్రం అనకండి అన్నా. "ఎత్తకపోయేసరికి భయపడ్డావు కదా, బండి మీదున్నా" అంటే చాలు, 31 కాల్స్ కరెక్టే అని ఒప్పుకోనక్కర్లేదు. మా ఇంట్లో బండెక్కేముందు ఒక మెసేజ్ పెట్టడం రూల్. చేయి కోసుకుంటా, చచ్చిపోతా అంటే బెదిరింపులే అనుకోవద్దు, ఒంటరిగా వదలొద్దు. టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416, ఫ్రీ, ఏ టైమ్‌లోనైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

ఉప్పల్ అన్నయ్య:
థాంక్సండీ అందరికీ. చన్నీళ్ల సంగతి చెప్తే "హాస్టల్లో బకెట్టే దిక్కు" అని నవ్వింది. శనివారం డీబీటీకి మొదటి అపాయింట్‌మెంట్, నేనే దింపుతున్నా.