బిడ్డను పోగొట్టుకున్న తల్లితో ‘నీ కర్మ’ అనడం భక్తి అవుతుందా?

ప్రశ్న – గోదారి గట్టు

మా అక్క కొడుకు ఏడేళ్ల వయసులో రక్త కేన్సరుతో పోయాడు. పరామర్శకు వచ్చిన ఒక పెద్దావిడ, అక్క ఇచ్చిన మంచినీళ్ల గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే, ‘ఏ జన్మలో ఎవరికి కడుపుకోత పెట్టావో తల్లీ’ అన్నారు. ఎదురింటి క్రైస్తవ సోదరి విశ్వాసంతో ప్రార్థించి ఉంటే బతికేవాడని బాధపడ్డారు. ఇద్దరూ దేవుడి మీద మాట రాకూడదనే అలా అన్నారు. ఆ నింద మాత్రం అక్క నెత్తిన పడింది. ఆమె దీపం పెట్టడం మానేసింది. దేవుడు మంచివాడని నమ్మాలంటే బాధపడేవారిలో తప్పు వెతకక తప్పదా?

వేదాంత విద్యార్థి

దేవుడు పక్షపాతి, దయలేనివాడు అన్న ఆక్షేపణను వేదాంతానికి మూలగ్రంథమైన బ్రహ్మసూత్రాలే (2.1.34) ఎత్తుకున్నాయి. వాన అన్ని విత్తనాల మీదా ఒకేలా కురుస్తుంది, మొలకల్లో తేడా విత్తనాలను బట్టి వస్తుంది, ఈశ్వరుడూ అలాగే జీవుల కర్మను అనుసరించి సృష్టిస్తాడు అని శంకరుల భాష్యం చెబుతుంది. అయితే ఇది ఈశ్వరుడి మీది అభియోగానికి ఇచ్చిన జవాబే గాని, ఫలానా ఇంట్లో బిడ్డ ఎందుకు పోయాడో పరామర్శకు వెళ్లినవారు తేల్చి చెప్పడానికి ఇచ్చిన అధికారం కాదు.

మహాభారతం అనుశాసన పర్వం మొదట్లోనే గౌతమి కథ ఉంది. ఆమె కొడుకు పాము కాటుకు చనిపోతే, బోయవాడు అర్జునకుడు ఆ పామును కట్టి తెచ్చి, ఎలా చంపమంటావో చెప్పమంటాడు. పాము తప్పు మృత్యువుదంటుంది, మృత్యువు కాలుడిదంటాడు, కాలుడు బిడ్డ కర్మ అంటాడు. కొడుకు పోవడంలో తన కర్మ కూడా ఉందని గౌతమే చెప్పి, పామును విడిపిస్తుంది. అంటే అక్కడ కర్మ మాట బిడ్డ తల్లి నోట, ఒక ప్రాణిని కాపాడడానికి వచ్చింది. అదే మాట మంచినీళ్ల గ్లాసు పట్టుకున్నవారి నోట వస్తే దాని అర్థమే వేరు.

బైబిలు చదువరి

యోబు బైబిలులో పిల్లల్ని, ఆస్తిని, ఆరోగ్యాన్ని పోగొట్టుకున్న నీతిమంతుడు. అతని స్నేహితులు ముగ్గురూ ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో నేల మీద మౌనంగా కూర్చున్నారు. వారు చేసిన మంచి పని అదొక్కటే అనిపిస్తుంది నాకు. ఆ తరువాత నోరు విప్పి, నీలో పాపం లేకుంటే నీకిలా జరగదని వాదించారు. చివరికి దేవుడు వారిలో ఒకడైన ఎలీఫజుతో, నా సేవకుడైన యోబు పలికినట్లు మీరు నన్నుగూర్చి యుక్తమైనది పలకలేదని కోపగించుకుంటాడు. దేవుణ్ణి నిలదీసిన యోబును కాక, దేవుడి పక్షాన వాదించినవారిని తప్పుపడతాడు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగితే, వీడిదీ కాదు, వీడి తల్లిదండ్రులదీ కాదని యేసు చెప్పడం యోహాను సువార్త 9వ అధ్యాయంలో ఉంది. ఆ సోదరి ఈ రెండూ చదివే ఉంటారు.

సందేహి

నేను నాస్తికుణ్ణి. పై జవాబులు నిందను తొలగిస్తాయని ఒప్పుకుంటాను గాని, బిడ్డ ఎందుకు పోయాడన్న ప్రశ్న అలాగే మిగిలిపోయింది. తనకు గుర్తే లేని కర్మకు ఏడేళ్ల పిల్లవాడు శిక్ష అనుభవించడం న్యాయమంటే నాకు మింగుడుపడదు.

నింద విషయంలో పెద్దవారూ జారారు. 1934 జనవరి 15న బిహారు భూకంపంలో వేలమంది చనిపోతే, అది అస్పృశ్యత అనే పాపానికి దైవశిక్ష అని గాంధీజీ అన్నారు. అస్పృశ్యత పాపమే, కానీ కూలిన ఇళ్ల కింద నలిగినవారిలో అంటరానివారూ ఉన్నారు కదా. ఈ తరహా వాదన గాంధీజీ కన్నా ఆయన ప్రత్యర్థులకే బాగా పనికొస్తుందని రవీంద్రనాథ్ ఠాగూర్ అభ్యంతరం తెలిపారు. గాంధీజీ దాన్ని తన ‘హరిజన్’ పత్రికలో అచ్చువేశారు, తన మాట మాత్రం మార్చుకోలేదు.

మీ అక్కగారికి ఒక విషయం తప్పక చెప్పండి. పిల్లల్లో వచ్చే రక్త కేన్సరు చాలావరకు ఎముక మజ్జలోని కణాల జన్యువుల్లో యాదృచ్ఛికంగా వచ్చే మార్పుల వల్ల కలుగుతుంది. అది తల్లి చేసిన, చేయని పనుల వల్ల వచ్చేది కాదు.

గోదారి గట్టు

అందరికీ కృతజ్ఞతలు. గౌతమి కథ అక్కకు ఇప్పుడే చెప్పను. ‘నా కర్మ’ అన్న మాట ఒక్కటే పట్టుకుంటుందని భయం. యోబు కోపం గురించి చెబుతాను. గోల్కొండ చెరలో రాముణ్ణి నిలదీసిన రామదాసును మనం భక్తుడనే అంటున్నాం కాబట్టి, దీపం విషయంలో ఆమెను ఎవరూ బలవంతపెట్టవద్దని ఇంట్లో గట్టిగా చెప్పాను. మా అమ్మ ఇంకా ఒప్పుకోలేదు.