అప్‌డేట్: బొమ్మల్ని, శబ్దాల్ని 'చదవడం' గురించి అడిగాను కదా

యంత్రాలతో పని చేసేవాడిని, చూపుకీ వినికిడికీ ట్రైనింగ్ ఇచ్చుకుంటే నా పనికి కొత్త ఆలోచనలు వస్తాయా అని అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

అన్నిటికన్నా బాగా పనిచేసింది సినిమాల్లో శబ్దం గురించి రాసిన ఫ్రెంచ్ సిద్ధాంతకర్త మిషెల్ షియోన్ పద్ధతి. ఒకే చిన్న వీడియో ముక్కని సౌండ్ ఆపి చూడాలి, తర్వాత స్క్రీన్ మూసి వినాలి, ఆపైన రెండూ కలిపి. తలుపు మూసుకునే షాట్ ఒకటి తీసుకున్నాను. సౌండ్ లేనప్పుడు మామూలు తలుపే. ధడేలుమన్న చప్పుడు కలిసేసరికి ఎవరో కోపంగా వెళ్ళిపోయినట్టు అనిపించింది. బొమ్మలో ఎక్కడా కోపం లేదు!

ఫొటోలకి మూడు ప్రశ్నలు: ఏం జరుగుతోంది? ఏం చూసి అలా అంటున్నావు? ఇంకేం కనిపిస్తోంది? రెండోదే అసలు పరీక్ష, ఊహల్ని ఉతికి ఆరేస్తుంది.

ఇక పని సంగతి. మోటార్ వైబ్రేషన్ డేటాని ఇన్నాళ్ళూ గ్రాఫ్‌లోనే చూసేవాణ్ణి. ఇప్పుడు ఆడియోగా మార్చి వింటున్నాను. బేరింగ్‌లో (ఇరుసు సాఫీగా తిరగడానికి లోపల చిన్న బాల్స్ ఉండే భాగం) చిన్న పగులుంటే బాల్ దానిమీదుగా వెళ్ళిన ప్రతిసారీ 'టక్' మంటుంది. గ్రాఫ్ గజిబిజిలో కంటికి ఆనని ఆ లయని చెవి ఇట్టే పట్టేస్తుంది. రేడియేషన్‌ని కొలిచే గైగర్ కౌంటర్ దాన్ని క్లిక్కులుగా వినిపించేదీ ఇలాగే.

చూసినదాన్ని గీయమన్న స్కెచింగ్ సలహా నాకు ఎక్కలేదు, వదిలేశాను. స్పెక్ట్రోగ్రామ్ (శబ్దంలోని ఫ్రీక్వెన్సీలు కాలంతో ఎలా మారుతున్నాయో చూపే బొమ్మ) చదవడంలో ఇంకా తడబడుతున్నాను. దానికి మంచి అభ్యాసాలు తెలిస్తే చెప్పండి.